పాల లెక్కలో ఎర్ర గడి

మన గ్రామ సంఘాలలో పాత అలవాటు ఒకటి ఉన్నది. పాల రిజిస్టరులో అనుమానం కలిగించే అంకె కనిపిస్తే కార్యదర్శి దాని చుట్టూ ఎర్ర సిరాతో సున్న చుట్టేవారు. ఎక్సెల్ పట్టికలో లెక్క వ్రాసుకునే సంఘాలలో ఈ పనిని కంప్యూటరే చేసిపెడుతుంది. దీనిని ‘కండిషనల్ ఫార్మాటింగ్’ అంటారు. అనగా, మనం ఒక షరతు పెడితే, ఆ షరతు కిందికి వచ్చిన గడికి మాత్రమే రంగు పడుతుంది.

దీనివలన సభ్యునికి ప్రయోజనమేమి? ఒక సభ్యుడు 10 కిలోల గేదె పాలు పోశాడనుకుందాం. పరీక్షలో వెన్న 6.8 శాతం వచ్చింది. పట్టికలో పొరపాటున 4.8 అని పడింది. 680 గ్రాముల వెన్నకు రావలసిన డబ్బు 480 గ్రాములకే వస్తుంది. ఒక్క పూటలోనే 200 గ్రాముల నష్టం! బిల్లు పంచే రోజున తప్పు బయటపడినా, అప్పటికి ఆనాటి నమూనా పాలు ఉండవు. తగవు మాత్రం మిగులుతుంది.

చేయవలసిన విధానం ఇది. గేదె పాల వెన్న శాతం వ్రాసిన గడులను ఎంచుకొని, పైన ‘హోమ్’లో ‘కండిషనల్ ఫార్మాటింగ్’, అందులో ‘హైలైట్ సెల్స్ రూల్స్’, అందులో ‘బిట్వీన్’ నొక్కవలెను. సంఘం పెట్టుకున్న హద్దు 5 అయితే, 0.1 నుండి 4.9 వరకు అని వ్రాసి ఎర్ర రంగు ఎంచుకోవలెను. ఇలా చేస్తే పాలు పోయని పూట సున్న వేసిన గడులకు రంగు రాదు. ఆవు పాలలో వెన్న సహజంగానే తక్కువ గనుక వాటికి వేరే హద్దు పెట్టవలెను. 6.8కి బదులు 68 అని పడే తప్పును పట్టుకొనుటకు ‘గ్రేటర్ దాన్’ 12 అని మరొక షరతు పెట్టవచ్చును. ఒకే పూట పట్టికలో ఒక సభ్యుని నంబరు రెండుసార్లు పడితే ‘డూప్లికేట్ వాల్యూస్’ చూపుతుంది.

మూడు జాగ్రత్తలు ముఖ్యం.

1. అంకె పక్కన ‘శాతం’ అనే మాట వ్రాయరాదు. అలా వ్రాస్తే కంప్యూటరు దానిని అంకెగా కాక మాటగా తీసుకుంటుంది. హద్దుకు తక్కువైనా ‘బిట్వీన్’ షరతు వలన రంగు రాదు.

2. ఎర్ర గడి తీర్పు కాదు, హెచ్చరిక మాత్రమే. పాలు కల్తీ అని గాని, సభ్యుడు తప్పు చేశాడని గాని అది చెప్పదు. నమూనా ఉండగానే మళ్ళీ పరీక్షించి చూడవలెను.

3. ఎర్ర సిరా కాగితంపై నిలిచి ఉంటుంది. కంప్యూటరు రంగు మాత్రం అంకె దిద్దగానే మాయమవుతుంది. కావున పాత అంకె, కొత్త అంకె, దిద్దిన వారి పేరు, తేదీ రిమార్కుల వరుసలో తప్పక వ్రాయవలెను. లేనియెడల తనిఖీ నాడు ఏది ఎందుకు మారినదో చెప్పగలవారుండరు.

సభ్యులు తమ చీటీలోని అంకెను ఏ పూటకాపూట చూసుకోవలెను. అనుమానం వస్తే అప్పుడే అడగవలెను. రంగు చూపేది కంప్యూటరే గాని, అడిగే హక్కు సభ్యునిది.