జెండా మాటున దొంగ వేట

2014 డిసెంబరు 17న అంటార్కిటికా చుట్టూ ఉన్న దక్షిణ మహాసముద్రంలో, బాంజారే బ్యాంక్ అనే చోట, మంచుకొండల మధ్య ‘థండర్’ అనే చేపల ఓడ కంటబడింది. దాన్ని కనిపెట్టింది ఏ దేశపు నౌకాదళమూ కాదు, ‘సీ షెపర్డ్’ అనే స్వచ్ఛంద సంస్థవాళ్ళు. వాళ్ళ ఓడ పేరు ‘బాబ్ బార్కర్’. థండర్ పాత దొంగే. దక్షిణ మహాసముద్రపు జీవరాశిని కాపాడేందుకు ఏర్పడిన అంతర్జాతీయ కమిషన్ దాన్ని 2006లోనే నల్లజాబితాలో పెట్టింది. 2013లో ఇంటర్‌పోల్ దాని వివరాలు కోరుతూ నోటీసు పంపింది. అయినా పేరు మార్చుకుంటూ, జెండా మార్చుకుంటూ అది మళ్ళీ మళ్ళీ అవే నీళ్ళలోకి వస్తూనే ఉంది.

అది వేటాడేది టూత్‌ఫిష్‌ని. లోతైన చన్నీళ్ళలో బతికే ఈ చేప రెండు మీటర్ల వరకూ పెరుగుతుంది, నూరు కిలోలు దాటుతుంది, దాదాపు యాభై ఏళ్ళు బతుకుతుంది. గుడ్లు పెట్టే ఈడు రావడానికే ఏళ్ళూ పూళ్ళూ పడుతుంది కాబట్టి ఒకసారి ఊడ్చేస్తే ఆ చోటు మళ్ళీ నిండడం చాలా కష్టం. ఖరీదైన రెస్టారెంట్లలో దీనికున్న గిరాకీ వల్లే ఇంత దూరం, ఇంత చలిలోకి దొంగ ఓడలు వెళ్తాయి.

దొంగ ఎదురుగానే ఉన్నాడు, వలలు నీళ్ళలోనే ఉన్నాయి. మరి పట్టుకోవచ్చు కదా? కుదరదు. 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందం ప్రకారం, ఏ దేశానికీ చెందని బహిరంగ సముద్రంలో ఓడ మీద అధికారం అది ఎగరేసిన జెండా తాలూకు దేశానిదే. పరాయి ఓడ ఎక్కి సోదా చేయడానికి అదే ఒప్పందం కొన్ని మినహాయింపులిచ్చింది. సముద్రపు దోపిడీ, బానిసల రవాణా, అనుమతి లేని రేడియో ప్రసారాలు, ఏ దేశానికీ చెందని ఓడ వంటివి అందులో ఉన్నాయి. దొంగ వేట మాత్రం లేదు. నడిసముద్రంలో రేడియో స్టేషన్ పెట్టినవాణ్ణి సోదా చేయొచ్చు గానీ చేపల జాతినే తుడిచిపెట్టేవాణ్ణి ముట్టుకోకూడదు. ఈ చట్టంలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

తీరానికి 200 నాటికల్ మైళ్ళ లోపు సంగతి వేరు. అక్కడి చేపల మీద హక్కు తీరదేశానిది. దొంగ వేట పడవ ఆ హద్దులో కనబడితే, వెంటాడటం అక్కడే మొదలై మధ్యలో తెగకుండా సాగితే, బహిరంగ సముద్రంలోనైనా పట్టుకోవచ్చు. అది మరో దేశపు ప్రాదేశిక జలాల్లోకి దూరితే మాత్రం వెంటాడటం ఆపేయాలి. 2003లో ఆస్ట్రేలియా ‘వియార్సా’ అనే ఓడను ఇలాగే 21 రోజులు, దాదాపు 3,900 నాటికల్ మైళ్ళు తరిమి, దక్షిణాఫ్రికా, బ్రిటన్ ఓడల సాయంతో దక్షిణ అట్లాంటిక్‌లో పట్టుకుంది. పెర్త్ కోర్టులో విచారణ సాగింది. 2005లో జ్యూరీ నిందితులను నిర్దోషులుగా తేల్చింది. ఓడ వేట సాగించిందని చూపినంత మాత్రాన సరిపోదు. ఆ వేట ఫలానా హద్దు లోపలే జరిగిందని సందేహం లేకుండా రుజువు చేయాలి. నేరం జరిగిన చోటు ఆనవాళ్ళు లేని నీరైనప్పుడు అదెంత కష్టమో ఊహించుకోవచ్చు.

థండర్ విషయంలో అలాంటి హద్దూ లేదు, వెంట పోలీసులూ లేరు. బాబ్ బార్కర్ కెప్టెన్, స్వీడన్‌కు చెందిన పీటర్ హామర్‌స్టెట్, ఒకే పని పెట్టుకున్నాడు. దొంగను కళ్ళ ముందు నుంచి జారనివ్వకుండా వెనకే వెళ్ళడం, ఎక్కడుందో ప్రపంచానికి చెబుతూ ఉండడం. సంస్థ తాలూకు రెండో ఓడ ‘సామ్ సైమన్’కు కెప్టెన్ మన దేశస్థుడైన సిద్ధార్థ్ చక్రవర్తి. థండర్ వదిలేసి పారిపోయిన గిల్‌నెట్ వలలను పైకి లాగే పని ఆయన బృందం మీద పడింది. వాటి పొడవు మొత్తం 72 కిలోమీటర్లు. గడ్డకట్టే చలిలో, ఊగే డెక్ మీద వారాల తరబడి లాగారు. వెయ్యికి పైగా టూత్‌ఫిష్‌లు, వాటితోపాటు ఎవరూ కోరుకోని పీతలూ ఇతర ప్రాణులూ చచ్చి వలకు అంటుకుని వచ్చాయి. దక్షిణ మహాసముద్రంలో గిల్‌నెట్‌లను నిషేధించింది ఈ కారణానికే. వదిలేసిన వల లాగే మనిషి లేకపోయినా నీళ్ళలో వేటాడుతూనే ఉంటుంది. ఆ వలలను మారిషస్‌లో అధికారులకు సాక్ష్యంగా అప్పజెప్పారు.

ఈ లోగా, థండర్ ఎగరేస్తున్న జెండా తాలూకు దేశమైన నైజీరియా తన రిజిస్టర్ నుంచి థండర్‌ను కొట్టేసింది. అది ఏ దేశానికీ చెందని ఓడ అయింది. వెంటాడటం మొదలైన 110 రోజుల తర్వాత, 2015 ఏప్రిల్ 6న, సావో టోమే అండ్ ప్రిన్సిపే అనే చిన్న ద్వీప దేశపు జలాల్లో థండర్ మునగడం మొదలెట్టింది. అందులోని 40 మందిని వెంటాడినవాళ్ళే కాపాడారు. మునుగుతున్న ఓడలోకి బాబ్ బార్కర్ మనుషులు ఎక్కి చూస్తే, మామూలుగా ప్రమాదంలో మూసేసే తలుపులు తెరిచి కట్టేసి ఉన్నాయి. ఇంజిన్ గది నీళ్ళతో నిండుతోంది. సాక్ష్యాన్ని సముద్రంలో పూడ్చేయాలని చేసినట్టే ఉంది. అందిన ఫోన్లూ పటాలూ ఒక టూత్‌ఫిష్‌తో సహా బయటికి తెచ్చారు. ఆ ఏడాది అక్టోబరులో సావో టోమే కోర్టు కెప్టెన్‌కూ ఇద్దరు ఇంజిన్ సిబ్బందికీ జైలు, కోటిన్నర యూరోలకు పైగా జరిమానా విధించింది.

ఇంత చేస్తే గానీ ఒక్క ఓడ చిక్కలేదు. కాబట్టి అసలు అదుపు నడిసముద్రంలో కాదు, రేవులో ఉంది అనుకోవాలి. దొంగ చేపైనా ఎక్కడో ఒడ్డున దిగాల్సిందే. థండర్ తోటి దొంగ ఓడ ‘కున్‌లున్’ 2015లో 182 టన్నుల టూత్‌ఫిష్‌ను వేరే రకం చేపగా చూపి థాయ్‌లాండ్‌లోని ఫుకెట్‌లో దించబోతే పట్టుబడింది. అయితే కొన్ని నెలలకే రేవు నుంచి జారుకుంది. 2016 జూన్‌లో రేవు దేశాల ఒప్పందం అమల్లోకి వచ్చింది. అనుమానం ఉన్న విదేశీ ఓడను రేవులోకి రానివ్వకుండా ఆపడానికీ, వచ్చినదాని లాగ్‌బుక్కూ సరుకూ సోదా చేయడానికీ దారి చూపేది ఇదే.

అమ్ముకునే చోట బిగిస్తే వేట మీద ఎంత ఒత్తిడి పడుతుందో మన కోస్తాకూ తెలుసు. వలలో పడ్డ సముద్రపు తాబేళ్ళు తప్పించుకునే పరికరం మన ట్రాలర్లకు సరిగా లేదంటూ 2019లో అమెరికా భారత్ నుంచి సముద్రపు రొయ్యల దిగుమతి ఆపేసింది. చెరువుల రొయ్యలకు ఇది వర్తించదు గానీ, వలకు ఆ పరికరం బిగించే మాట విశాఖ, కాకినాడ రేవుల దాకా వచ్చింది.

ఇంకో దారి, ఓడను వదిలి దాని వెనక డబ్బు పెట్టిన మనిషిని పట్టుకోవడం. స్పెయిన్ 2014లో తన చట్టం మార్చి, తన పౌరులు ప్రపంచంలో ఏ మూల దొంగ వేటకు పెట్టుబడి పెట్టినా జరిమానా వేయగలిగేలా చేసుకుంది. 2016 మార్చిలో కోటి డెబ్భై లక్షల యూరోలకు పైగా జరిమానాలు వేసింది కూడా. అదే ఏడాది డిసెంబరులో మరో కేసులో స్పెయిన్ సుప్రీంకోర్టు, బహిరంగ సముద్రంలో జరిగిన వేటపై క్రిమినల్ విచారణ జరిపే అధికారం తమకు లేదంది. జరిమానా కట్టించుకోవచ్చు, జైలుకు పంపలేరు. 2026 జనవరి 17న అమల్లోకి వచ్చిన బహిరంగ సముద్రాల ఒప్పందం అక్కడ రక్షిత ప్రాంతాలు ప్రకటించే వీలు కల్పించింది. అందులో వేటాడే ఓడను ఆపే అధికారం మాత్రం ఇప్పటికీ దాని జెండా దేశానిదే.