సాక్షి పలుకు.. తెరపై అక్షరం

'నన్ను కొట్టాడు' అని సాక్షి చెప్పిన మాట 'నన్ను కొట్టారు' అని నమోదైతే, కొట్టినది ఒక్కడా, పలువురా అన్న వివాదం తలెత్తుతుంది. తేడా ఒక్క అక్షరమే. న్యాయస్థానంలోని మాటను రాతగా మార్చే సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లకు అసలు పరీక్ష ఇక్కడే ఎదురవుతోంది.

జిల్లా కోర్టులలో సాక్షి తెలుగులో చెప్పగా న్యాయమూర్తి ఆంగ్లంలో చెప్పి టైపు చేయించడం చిరకాలంగా కనిపించే పద్ధతి. 2023 ఫిబ్రవరి 21న మహారాష్ట్ర రాజకీయ వివాదంపై రాజ్యాంగ ధర్మాసనం జరిపిన విచారణలో సుప్రీంకోర్టు తొలిసారిగా, ప్రయోగాత్మకంగా, వాదనలను అప్పటికప్పుడు యంత్రంతో రాయించి తెరపై చూపింది. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే యంత్రం తడబడుతుందని నాటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ డి.వై.చంద్రచూడ్ ఆనాడే హెచ్చరించారు. అనంతరం కేరళ హైకోర్టు, 2025 నవంబరు 1 నుంచి కింది కోర్టులలో సాక్ష్య నమోదుకు ఇటువంటి పరికరాన్నే వాడాలని ఆదేశించింది.

తెర ముందు.. తెర వెనుక

కంటికి కనిపించే తెరను, దాని వెనుకనున్న సర్వరును, సమాచారం దాచే డేటాబేస్‌ను కలిపి చూసుకునేవారిని ఫుల్‌స్టాక్ ఇంజినీర్లు అంటారు. మైకులోని ధ్వని చిన్న ముక్కలుగా సర్వరుకు చేరుతుంది. మధ్యలో నెట్ తెగిపోతే? ప్రతి ముక్కకూ వరుస సంఖ్య వేసి కంప్యూటర్‌లోనే దాచి, సంబంధం పునరుద్ధరణ కాగానే పంపేలా ఏర్పాటు చేస్తారు. లేనిపక్షంలో సాక్ష్యంలో ఖాళీ ఏర్పడుతుంది. ప్రతి పదానికీ అది పలికిన క్షణాన్ని జతచేస్తారు కనుక, అనుమానం వచ్చిన పదంపై నొక్కితే ఆ మాటే తిరిగి వినిపిస్తుంది. 'కొట్టాడు', 'కొట్టారు' తగవు తీరేది ఈ సదుపాయంతోనే.

సవరణల విషయం మరింత సున్నితమైనది. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 313వ సెక్షన్ ప్రకారం క్రిమినల్ కేసులలో వాంగ్మూలాన్ని సాక్షికి చదివి వినిపించాలి. సాక్షి తప్పుందంటే న్యాయమూర్తి దిద్దవచ్చు. దిద్దకుండా ఆ అభ్యంతరాన్ని, తన వ్యాఖ్యను విడిగా నమోదు చేయనూవచ్చు. అందువలన పాత పాఠాన్ని చెరిపి కొత్తది రాసే మామూలు పద్ధతి ఇక్కడ పనికిరాదు. ఎవరు, ఎప్పుడు, ఏమి మార్చారో వరుసగా నిలిచి ఉండాలి. ఆఖరుకు నిర్వాహకుడు సైతం దానిని తుడిచివేయలేని విధంగా ఉండాలి.

తెలుగుకు తనవైన చిక్కులున్నాయి. 'కొట్టిండు', 'కొట్టినాడు' అన్న మాండలిక రూపాలను యంత్రం తనంతట తాను 'కొట్టాడు'గా చక్కదిద్దడం సాక్షి మాటను మార్చడమే. 'నూట పది బై రెండు' అన్నప్పుడు అది సర్వే నంబరు 110/2 అని గుర్తించాలి. 'రాలేదు', 'రాలేదా' అన్నవాటిలో ఒకటి సాక్షి జవాబు, మరొకటి న్యాయవాది ప్రశ్న కావచ్చు. ఎవరి గొంతు ఏదో వేరుచేయడంలో పొరపాటు జరిగితే ప్రశ్న కాస్తా సాక్ష్యమైపోతుంది. ఈ కారణంగానే సాక్షికి, ఇరుపక్షాల న్యాయవాదులకు వేర్వేరు మైకులు అమర్చి, ఏ మైకు మాటను ఆ పేరుతోనే నమోదు చేయడం మేలని భావిస్తారు.