నాలుకతో అందుకున్న వార్త: సోషల్ మీడియా ఒత్తిడిపై ఇస్లామీయ బోధనలు

సామాజిక మాధ్యమాల వల్ల కలిగే అలసటకు ఇప్పుడు వినిపించే సలహాలన్నీ దాదాపు ఒకే తీరున ఉంటాయి: రోజుకు ఇన్ని గంటలకు మించి చూడవద్దు, నోటిఫికేషన్లు ఆపండి, యాప్ తొలగించండి. ఇవి మంచి సలహాలే. అయితే ఇస్లామీయ బోధనలు గంటల లెక్కకు ముందే మరో ప్రశ్న వేస్తాయి. ఎదురైన సమాచారాన్ని మనసులోకి రానివ్వాలా, వచ్చినదాన్ని ఇతరులకు పంపాలా అన్నదే ఆ ప్రశ్న. వినడం, చూడడం, మనసులో ఒక అభిప్రాయానికి చోటివ్వడం కూడా మనిషి చేసే పనులేననీ, వాటికీ జవాబు చెప్పుకోవలసి ఉంటుందనీ ఖురాన్ 17వ అధ్యాయం హెచ్చరిస్తుంది. వేలితో తెరను పైకి నెట్టడం ఒక పనే కాదనుకునే ఈ కాలంలో ఆ హెచ్చరిక కొత్తగా వినిపించవచ్చు.

24వ అధ్యాయమైన 'అన్-నూర్'లో ఒక వదంతి ప్రస్తావన ఉంది. ప్రవక్త ముహమ్మద్ సతీమణి ఆయిషా ఒక దండయాత్ర నుంచి తిరిగి వస్తూ బిడారానికి వెనుకబడిపోయారు. వెనుక వస్తున్న ఒక సహచరుడు ఆమెను తన ఒంటెపై ఎక్కించి తీసుకువచ్చాడు. అంతమాత్రానికే మదీనాలో అపవాదు పుట్టింది. సుమారు నెల రోజులు ఆ మాట ఆ నోటా ఈ నోటా తిరిగింది. ఆమె నిర్దోషి అని ప్రకటించిన వాక్యాలు అపవాదును పుట్టించినవారిని నిందించి ఊరుకోలేదు. దాన్ని మోసినవారినీ మందలించాయి. జనం ఆ వార్తను నాలుకలతో అందుకున్నారని అక్కడ చెప్పడం విశేషం. మాటను అందుకోవలసింది చెవి. చెవి నుంచి అది బుద్ధికి చేరాలి, బుద్ధి ఒప్పుకుంటేనే నాలుకపైకి రావాలి. నడుమ ఉన్న ఆ మజిలీ జారిపోతే విన్న మాటకూ పలికిన మాటకూ తేడా ఉండదు. ఫోనులోని ఫార్వర్డ్ బటన్ పనితీరును ఇంతకంటే క్లుప్తంగా వర్ణించడం కష్టం.

49వ అధ్యాయం 'అల్-హుజురాత్' ఇదే విషయాన్ని మరో కోణంలో చెబుతుంది. బనూ ముస్తలిఖ్ తెగ వద్దకు జకాత్ వసూలుకు వెళ్లిన దూత, ఎదురుగా వస్తున్న జనాన్ని చూసి దాడికి వస్తున్నారనుకుని వెనుదిరిగాడనీ, ఆ తెగ ఎదురుతిరిగిందని మదీనాలో చెప్పాడనీ పలువురు వ్యాఖ్యాతలు వివరిస్తారు. నిజానికి వారు వచ్చింది స్వాగతం పలకడానికి. నమ్మదగని వ్యక్తి వార్త తెచ్చినప్పుడు విచారించాలనీ, లేకుంటే తెలియక ఒక సమూహానికి హాని చేసి ఆపై పశ్చాత్తాపపడవలసి వస్తుందనీ అధ్యాయం ఆదేశిస్తుంది.

ఈ జాగ్రత్తే కాలక్రమంలో ఒక శాస్త్రమైంది. ప్రవక్త పలుకుగా ప్రచారంలో ఉన్న ప్రతి హదీసుకూ 'ఇస్నాద్' ఉండాలి. అంటే, ఎవరు ఎవరి నుంచి విన్నారన్న గొలుసు. గొలుసులోని ప్రతి వ్యక్తి నిజాయితీని, జ్ఞాపకశక్తిని, తన గురువును అతడు అసలు కలిశాడా లేదా అన్నదాన్ని పండితులు పరీక్షించారు. విన్నదల్లా చెప్పుకుంటూ పోవడమే మనిషిని అబద్ధాలకోరుగా చేయడానికి చాలు అన్న అర్థం గల హదీసును 9వ శతాబ్దపు ఇమామ్ ముస్లిం తన సంకలనం పీఠికలోనే చేర్చారు. 'వచ్చింది వచ్చినట్లు పంపుతున్నాను' అని రాసి చేతులు దులుపుకోవడం వాట్సాప్ గ్రూపుల్లో మామూలు. ఈ ప్రమాణంతో చూస్తే అది సంజాయిషీ కాదు, నేరాంగీకారం.

ఇందులోని తీవ్రత 2018లో దేశానికి తెలిసివచ్చింది. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వదంతులతో తెలంగాణ సహా పలు రాష్ట్రాల్లో అమాయకులపై మూకదాడులు జరిగాయి. జూలై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లాలో ఐదుగురిని కొట్టి చంపారు. ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్లకు మించి పంపే వీలు లేకుండా భారత్‌లో పరిమితి తెస్తున్నట్లు వాట్సాప్ ఆ నెలలోనే ప్రకటించింది. అప్పటికే పదేపదే చేతులు మారిన సందేశాలను 2020 ఏప్రిల్‌లో ఒక్క చాట్‌కే పరిమితం చేసింది. ఎన్నిసార్లు చేతులు మారిందో యంత్రం లెక్కపెట్టగలదు. మొదట చెప్పినదెవరని అడగవలసింది మాత్రం పంపేవారే.

వార్త నిజమైతే పంచుకోవచ్చా? ఇక్కడ ఇస్లామీయ ప్రమాణం ఇంకా కఠినంగా ఉంటుంది. ఒకరి గురించి వారి పరోక్షంలో, వారికి నచ్చని నిజాన్ని చెప్పడమే 'గీబత్'. అది అబద్ధమైతే మరింత పెద్ద అపరాధం. 1095లో బాగ్దాద్ నిజామియాలోని ఆచార్య పదవిని విడిచి వెళ్లిన ఇమామ్ గజాలీ, 'ఇహ్యా ఉలూమిద్దీన్' గ్రంథంలో నాలుక తెచ్చే ఆపదలకు ప్రత్యేకంగా ఒక భాగం కేటాయించారు. చెప్పేవాడితోపాటు ఆసక్తిగా వినేవాడినీ ఆయన గీబత్‌లో భాగస్వామిగానే లెక్కగట్టారు. తనకు సంబంధం లేని విషయాన్ని వదిలివేయడం విశ్వాసపు సొగసు అన్న భావం గల హదీసును దీనితో కలిపి చూస్తే, ఎవరి కుటుంబ కలహం మీదనో వచ్చిన వందల వ్యాఖ్యలను అర్ధరాత్రి వరకూ చదవవలసిన అవసరమే ఉండదు. మోయనక్కరలేని బరువులో సగం అక్కడే దిగిపోతుంది.

అర్ధరాత్రి గురించి కూడా ఒక బోధన ఉంది. ఇషా నమాజు తరువాత కబుర్లతో కాలక్షేపం చేయడం ప్రవక్తకు ఇష్టం ఉండేది కాదని బుఖారీ సంకలనం చెబుతుంది. చదువుకు, అతిథికి, ఇంటివారితో మాటకు పండితులు మినహాయింపు ఇచ్చారు. రీల్స్ ఆ జాబితాలో చేరతాయని వాదించడం కష్టం. రంజాన్ చివరి పది రోజులు మసీదులోనే గడిపే 'ఎతెకాఫ్' మరింత దీర్ఘమైన విరామం. హనఫీ సంప్రదాయంలో మహిళలు ఇంట్లోనే ఒక చోటును ఇందుకు కేటాయించుకుంటారు. ఫోను జేబులో పెట్టుకుని కూర్చుంటే మాత్రం బజారు వెంట వచ్చినట్లే.

ఇక మిగిలేది కష్టమైన ప్రశ్న. యుద్ధాల, వరదల దృశ్యాలు చూసి కుమిలిపోయేవారు ఫోను పక్కన పెడితే, బాధితులకు ముఖం చాటేసినట్లవుతుందా? విశ్వాసులు ఒకే శరీరం వంటివారనీ, ఒక అవయవానికి నొప్పి కలిగితే మిగతా శరీరమంతా జ్వరపడుతుందనీ చెప్పే హదీసు ఉన్నమాట నిజం. అయితే ఏ ప్రాణిపైనా దాని శక్తికి మించిన భారం ఉండదని ఖురాన్ 2వ అధ్యాయం చెబుతుంది. చెడును చేతితో, వీలుకాకపోతే మాటతో, అదీ కాకపోతే మనసుతో ఎదిరించాలన్న హదీసు కూడా శక్తిని బట్టే మెట్లు కట్టింది. విరాళం, ప్రార్థన, పక్కింటి బాధితుడి పరామర్శ ఈ మెట్లలో ఇముడుతాయి. అదే దృశ్యాన్ని పదోసారి చూడడం ఏ మెట్టుకూ చెందదు.

నిద్ర పూర్తిగా దూరమై, దిగులు రోజుల తరబడి వదలకపోతే ఈ నియమాలు ఒక్కటే చాలవు. చికిత్స చేయించుకోమని ప్రవక్త స్వయంగా చెప్పినట్లు హదీసులున్నాయి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ సేవ తెలుగులోనూ అందుతుంది. 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి మాట్లాడవచ్చు.