హెచ్-1బి లాటరీలో సెలెక్ట్ అయ్యారా? అసలు పని ఇప్పుడే మొదలు!

మార్చి నెలాఖరు వచ్చిందంటే నా ఇన్‌బాక్స్ అంతా ఒకటే మెసేజ్. "అన్నా, లాటరీలో సెలెక్ట్ అయ్యా, నెక్స్ట్ ఏంటి?" అని. ముందుగా కంగ్రాట్స్. కానీ ఒక మాట. సెలెక్ట్ అవ్వడం అంటే వీసా వచ్చినట్టు కాదు. మీ కంపెనీ మీ తరఫున పిటిషన్ వేసుకోవచ్చు అని పర్మిషన్ దొరికింది, అంతే. ఊళ్లో స్వీట్లు పంచే ముందు ఈ ఎపిసోడ్ పూర్తిగా చూడండి.

నాకు 2022లో వచ్చింది. అప్పుడు నేను అమెరికాలోనే ఓపీటీ మీద జాబ్ చేస్తున్నా. అదే జూన్‌లో ఖమ్మంలో మా చెల్లి పెళ్లి. సెలెక్ట్ అయ్యానన్న సంతోషంలో టికెట్లు కూడా చూసేశా. ఆ కథ చివర్లో చెప్తా. ముందు స్టెప్స్ చూద్దాం.

మొదటిది, సెలెక్షన్ నోటీసు. ఇది మీ కంపెనీ అకౌంట్‌లోకి వస్తుంది, మీకు నేరుగా రాదు. హెచ్‌ఆర్‌ని అడిగి కాపీ తీసుకోండి. అందులో మీ పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్ట్ నంబర్ అక్షరం అక్షరం చెక్ చేయండి. పిటిషన్ ఏ తేదీలోపు వేయాలో కూడా అందులోనే ఉంటుంది. మామూలుగా ఏప్రిల్ 1 నుంచి కనీసం 90 రోజులు ఇస్తారు. ఆ గడువు దాటితే సెలెక్షన్ వేస్ట్ అయినట్టే.

రెండోది, ఎల్‌సీఏ. కంపెనీ దీన్ని లేబర్ డిపార్ట్‌మెంట్‌లో వేస్తుంది. సర్టిఫై అవ్వడానికి 7 పని దినాలు పడుతుంది. ఇందులో మీ జాబ్ టైటిల్, జీతం, పని చేసే ఊరు ఉంటాయి. డల్లాస్‌లో పని చేస్తూ పేపర్ మీద ఇంకో ఊరు ఉంటే రేపు మీకే తలనొప్పి. అందుకే కాపీ అడిగి చదవండి.

మూడోది, ఐ-129 పిటిషన్. మీరు ఇవ్వాల్సినవి: పాస్‌పోర్ట్, డిగ్రీ సర్టిఫికెట్లు, మార్కుల మెమోలు, ఇండియా డిగ్రీకి ఎవాల్యుయేషన్, ఐ-20లు, ఓపీటీ కార్డు, పే స్లిప్పులు. మాస్టర్స్ కోటాలో రిజిస్టర్ అయినవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. పిటిషన్ వేసే రోజుకి మీ డిగ్రీ రిక్వైర్‌మెంట్స్ అన్నీ పూర్తయి ఉండాలి. "మేలో అయిపోతుందిలే" అని ఏప్రిల్‌లో వేస్తే కుదరదు.

డబ్బుల సంగతి కూడా చెప్పాలి. పిటిషన్ ఫీజులు, లాయర్ ఫీజు కంపెనీ ఖర్చు. "నువ్వు ఇన్ని వేల డాలర్లు కడితేనే ఫైల్ చేస్తాం" అని ఏదైనా కన్సల్టెన్సీ అంటే, అక్కడే అనుమానించండి. అలాగే హెచ్-1బిలో పనిలో చేరాక ప్రాజెక్ట్ లేదని బెంచ్ మీద కూర్చోబెట్టి జీతం ఆపడం కూడా రూల్స్‌కి విరుద్ధమే.

మీరు స్టూడెంట్ స్టేటస్‌లో అమెరికాలోనే ఉంటే, పిటిషన్‌తో పాటే చేంజ్ ఆఫ్ స్టేటస్ అడుగుతారు. ఓపీటీ అయిపోకముందే అలా ఫైల్ చేస్తే క్యాప్-గ్యాప్ వస్తుంది. 2025 జనవరి నుంచి దాన్ని తర్వాతి ఏప్రిల్ 1 వరకు పెంచారు. కాలేజీ ఇంటర్నేషనల్ ఆఫీసులో అడిగి కొత్త ఐ-20 తీసుకోండి.

ఇప్పుడు మా చెల్లి పెళ్లి కథ. టికెట్ బుక్ చేసే ముందు ఎందుకైనా మంచిదని లాయర్‌కి మెయిల్ పెట్టా. ఒకటే లైన్‌లో రిప్లై వచ్చింది: చేంజ్ ఆఫ్ స్టేటస్ పెండింగ్‌లో ఉండగా దేశం దాటితే, ఆ రిక్వెస్ట్ వదులుకున్నట్టే లెక్క. అంటే పిటిషన్ అప్రూవ్ అయినా, ఇండియాలో స్టాంపింగ్ చేయించుకుంటే గానీ హెచ్-1బి మీద తిరిగి రాలేను. అమ్మకి ఫోన్ చేసి చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. తలంబ్రాలు వీడియో కాల్‌లో చూశా. ఇక్కడ అర్ధరాత్రి, రూమ్‌లో ఒక్కడినే.

అప్పట్లో రిస్క్ అంతవరకే. ఇప్పుడు ఇంకా పెద్దది. 2025 సెప్టెంబర్‌లో వచ్చిన అధ్యక్ష ప్రకటన ప్రకారం, దేశం బయట ఉన్నవాళ్ల కొత్త పిటిషన్లకి కంపెనీ లక్ష డాలర్లు కట్టాలి. లోపలే ఉండి స్టేటస్ మార్చుకునేవాళ్లకి అది వర్తించదని యూఎస్‌సీఐఎస్ అక్టోబర్‌లో చెప్పింది. కానీ నిర్ణయం రాకముందే దేశం దాటితే వర్తిస్తుందని కూడా అందులోనే ఉంది. ఒక్క ఫ్లైట్ టికెట్ లక్ష డాలర్ల సమస్య అవ్వొచ్చన్నమాట. ఆ ప్రకటన మొదట 12 నెలలకే పెట్టారు, పొడిగించే వీలుంది. కాబట్టి మీరు ఫైల్ చేసే రోజుకి రూల్ ఏంటో లాయర్‌ని అడగండి. నేను లాయర్ని కాదు.

అప్రూవ్ అయితే ఐ-797 వస్తుంది. దాని కింద ఐ-94 ఉందో లేదో చూడండి. ఉంటే అక్టోబర్ 1 నుంచి, లేదా అందులో రాసిన తేదీ నుంచి, మీరు హెచ్-1బిలో ఉన్నట్టు. లేకపోతే స్టాంపింగ్ తప్పదు. ఐ-94 ఉన్నా, తర్వాత ఇండియా వస్తే తిరిగెళ్లడానికి డీఎస్-160 నింపి, హైదరాబాద్‌లో అయితే నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూకి వెళ్లాలి. 2025 డిసెంబర్ 15 నుంచి సోషల్ మీడియా ప్రొఫైళ్లు పబ్లిక్‌లో పెట్టమంటున్నారు, అదీ చూసుకోండి.

నేను ఏడాదిన్నర తర్వాత ఇంటికెళ్లా. అప్పటికే మా చెల్లికి బాబు. "పెళ్లికి రాని మేనమామ" అని ఇప్పటికీ దెప్పుతుంది. అనిపించుకున్నా పర్లేదు. మీ ఇంట్లో కూడా ఈ ఏడాది ఫంక్షన్ ఉంటే, ముందు లాయర్‌కి మెయిల్ పెట్టండి, తర్వాతే టికెట్. మీ డౌట్స్ కామెంట్స్‌లో రాయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటా మరి!