ఉమ్మడి కిరీటం

వేర్వేరు రాజ్యాలకు రాజు ఒక్కరే అయినా, దేని చట్టసభ, చట్టాలు, ఖజానా దానికే ఉంటే ఆ ఏర్పాటును ఉమ్మడి కిరీటం అనవచ్చు. చాలాసార్లు ఇది యుద్ధంతో కాక వారసత్వంతో వస్తుంది. 1603లో ఇంగ్లండ్ రాణి మొదటి ఎలిజబెత్ సంతానం లేకుండా మరణించడంతో ఆమె బంధువు, స్కాట్లండ్ రాజు ఆరో జేమ్స్‌కు ఆ సింహాసనమూ దక్కింది. ఒకే మనిషి ఎడిన్‌బరోలో ఆరో జేమ్స్, లండన్‌లో మొదటి జేమ్స్! పూర్తి విలీనానికి ఇంగ్లండ్ పార్లమెంటు ఒప్పుకోకపోవడంతో ‘గ్రేట్ బ్రిటన్ రాజు’ బిరుదును 1604లో ఆయనే ప్రకటించుకున్నారు. లండన్ చేరాక స్వదేశం వెళ్లింది మాత్రం 1617లో ఒక్కసారే. రెండు పార్లమెంట్లు కలిసింది 1707లో.

వారసత్వ నియమాలు వేరైతే ఈ బంధం తెగిపోతుంది. 1714 నుంచి బ్రిటన్‌కూ జర్మనీలోని హానోవర్‌కూ పాలకుడు ఒక్కరే. 1837లో విక్టోరియా బ్రిటన్ రాణి అయ్యారు. మగ వారసుడుండగా స్త్రీకి సింహాసనమివ్వని హానోవర్ ఆమె చిన్నాన్న ఎర్నెస్ట్ అగస్టస్‌కు వెళ్లింది.

నేడు మూడో చార్లెస్ బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా సహా 15 దేశాలకు విడివిడిగా రాజు. స్వతంత్ర భారత్‌కూ 1950 జనవరి 26న గణతంత్రమయ్యేదాకా బ్రిటన్ రాజు ఆరో జార్జే రాజు. 2021 నవంబరులో బార్బడోస్ కూడా గణతంత్రమైంది.