రామదాసు స్మృతి సంగీతోత్సవం – ఒక పరిశీలన

మహనీయుల స్మృతిని నిలుపుటకు లోకంలో మార్గాలు అనేకం. విగ్రహాలు ప్రతిష్ఠిస్తారు, సభలు జరిపి ఉపన్యసిస్తారు. వాగ్గేయకారుని విషయంలో వీటికంటె సహజమైన మార్గం ఒకటున్నది. ఆయన పాటను పదిమందీ కలిసి పాడటమే అది. 1847లో పరమపదించిన త్యాగరాజస్వామికి తిరువైయారులో పంచరత్న కీర్తనలతో జరిగే ఆరాధన జగత్ప్రసిద్ధం. ఆ త్యాగయ్యయే తన కృతులలో భక్తితో స్మరించిన పూర్వుడు మన రామదాసు. ఆయన జయంతి సందర్భంగా భద్రాచలంలో జరిగే వాగ్గేయకార మహోత్సవం మన సీమకు ఒక తిరువైయారు వంటిది.

ఖమ్మం జిల్లా నేలకొండపల్లిలో జన్మించిన కంచర్ల గోపన్న, గోలకొండ ప్రభువు అబుల్ హసన్ తానీషా కొలువులో పాల్వంచ పరగణాకు తహసీలుదారు. ఖమ్మం నుండి కొత్తగూడెం, పాల్వంచ అడవుల మీదుగా ఉత్సవానికి వెళ్ళే యాత్రికుడు ఆయన పరగణాను దాటుకొనియే గోదావరి ఒడ్డు చేరుతాడు.

ఆలయ చిత్రకూట మండపంలో జరిగే నవరత్న కీర్తనల గోష్ఠిగానం ఈ ఉత్సవానికి ప్రాణం. ఇది కచేరీ వంటిది కాదు. కచేరీలో విద్వాంసుడు రాగాలాపనతో, స్వరకల్పనతో తన ప్రతిభను ప్రదర్శిస్తాడు. గోష్ఠిలో దానికి తావు లేదు. పేరుగన్న గాయకుడూ, నిన్నమొన్న నేర్చిన బాలికా ఒకే పాఠాన్ని, ఒకే తాళంలో పాడవలసినదే. భజన మందిరాల వలన, మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారి రికార్డుల వలన ఈ పాటలు ఇంటింటా తెలిసినవే కనుక శ్రోతలూ గొంతు కలుపుతారు. మేమూ ఆ శ్రోతలలో ఒకరమై కూర్చున్నవారమే.

అందరూ కలిసి ఇంత ఆనందంగా పాడేది నిజానికి ఒక ఖైదీ విన్నపం. సర్కారు పైకాన్ని ఆలయ నిర్మాణానికి వెచ్చించినందుకు గోపన్న పన్నెండేండ్లు గోలకొండ బందిఖానాలో ఉన్నాడని ప్రతీతి. ఇక్ష్వాకు కులతిలకుని సంబోధించిన కీర్తనలో ఆయన ఏ నగకు ఎంత అయినదో వరహాలలో, మొహరీలలో లెక్క అప్పజెప్పుతాడు, రాముని నిష్ఠురమాడుతాడు, దెబ్బలకు తాళలేక తిట్టినానని మన్నింపు వేడుతాడు. మరొక కీర్తనలో సీతమ్మ సిఫారసు కోరుతాడు. మొహరీ, తురాయి వంటి పారసీక పదాలు ఆ తెలుగులో పరాయివిగా వినిపించవు. ఉర్దూ, తెలుగు రెండూ చదివే మన విద్యార్థులకు ఇది గమనింపదగిన విషయం.

కొందరు ఈ కథను రెండు మతాల తగవుగా చెప్పుతారు. మా అభిప్రాయంలో ఇది ఖజానా లెక్కల తగవు. తానీషాకు మంత్రులైన అక్కన్న మాదన్నలు గోపన్నకు మేనమామలు. కథ చివర రాముడే బాకీ తీర్చాడని, తానీషా దాసుని విడిపించి ఆలయాన్ని ఆదరించాడని జనశ్రుతి. శ్రీరామనవమి కల్యాణానికి ప్రభుత్వ పక్షాన ముత్యాల తలంబ్రాలు సమర్పించే ఆచారం ఆయన కాలంనాటిదే అంటారు. విధి విచిత్రమేమనగా, 1687లో గోలకొండను ఔరంగజేబు జయించగా తానీషా దౌలతాబాదులో బందీయై 1699లో అక్కడనే మరణించాడు. ఖైదు చేసినవాడూ ఖైదీ అయినాడు. అయినను భద్రాద్రి ఆ ప్రభువును పగతో తలచుకొనదు, ముత్యాలతో తలచుకొంటున్నది.

ఈ ఉత్సవానికి వెళ్ళదలచిన విద్యార్థులకు మా సూచన ఒక్కటే. కీర్తనల పాఠాన్ని ముందుగా ఒకసారి చదువుకొని వెళ్ళండి. రాగం తెలియకున్నను ఫరవాలేదు. మాట తెలిసినచో, ఆ సామూహిక గానంలో ఒంటరి మనిషి మొర వినిపిస్తుంది. అది విన్నవారికి ఈ పాట ఎవరిదన్న ప్రశ్న మిగలదు.