రంగనాథ రామాయణము : అద్భుత కల్పనలో నియమము

ఇతివృత్తమును ప్రఖ్యాతము, ఉత్పాద్యము, మిశ్రము అని ఆలంకారికులు మూడు విధములుగా విభజించిరి. పురాణకథను గ్రహించి దానిపై నూతన లోకమును నిర్మించు అద్భుతకథ మిశ్రమునకు చెందును. ఇట్టి రచనలో కవికి గల స్వేచ్ఛ ఎంత? దానికి నియమమెట్టిది? ఈ ప్రశ్నలకు సమాధానమిచ్చు ప్రాచీనోదాహరణము పాలమూరు సీమలోనే కలదు.

గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానముల విద్వత్పోషణ సుప్రసిద్ధము. వానికి చాల పూర్వమే, కాకతీయుల కాలమున, ఈ సీమలోని వర్ధమానపురమును గోన వంశీయులు పాలించిరి. అదియే నేటి నాగర్‌కర్నూలు జిల్లాలోని నంది వడ్డెమాను. ఆ వంశమువాడైన గోన బుద్ధారెడ్డి 13వ శతాబ్దిలో తండ్రి విఠలనాథుని పేర ద్విపద రామాయణమును రచించెను. కర్తృత్వమును గూర్చి వాదములున్నను, అతడే కర్తయని పలువురు పండితుల నిర్ణయము.

ఇందలి అవాల్మీకాంశములను పట్టికగా చూపి విడుచుట పరిపాటి. కాని అవి కల్పనాశిల్పమునకు సాక్ష్యములు. వనవాసారంభమున నిద్రాదేవి లక్ష్మణుని సమీపించును. అతడామెను ఊర్మిళ కడకు పంపి, పదునాలుగేండ్లు గడచిన పిదప తన యొద్దకు రమ్మనును. ఇచట నిద్ర మాయమగుట లేదు. ఒకరి భారమును మరియొకరు వహించుచున్నారు. గడువు తీరగానే పట్టాభిషేక సభలో నిద్ర తిరిగివచ్చును, లక్ష్మణుడు నవ్వును. కారణమెరుగని సభాసదులు తమ తమ లోపములను తలచుకొని, ఆ నవ్వు తమ్ము గూర్చియేనని శంకింతురు. దివ్యమైన ఒప్పందము మానవ హృదయ పరీక్షగా పరిణమించినది.

శూర్పణఖ కుమారుని వృత్తాంతము మరియొకటి. తెలుగునాట అతడు జంబుకుమారుడుగా ప్రసిద్ధుడు. అతని తపఃఫలమైన ఖడ్గము లక్ష్మణుని చేతబడి, తెలియకయే అతనిని వధించును. వాల్మీకంలో శూర్పణఖ రాక యాదృచ్ఛికము. ఇచట దానికి పుత్రశోకము హేతువైనది. అద్భుతము కథను అలంకరించుటయే గాక, కార్యకారణ సంబంధమును బిగించినది.

రసమునకు అననుకూలమైన పూర్వకథను విడిచి ఉచితమైన కథను కల్పింపవచ్చునని ఆనందవర్ధనుడు ధ్వన్యాలోక తృతీయోద్ద్యోతమున అనుమతించెను. 1939లో ఆంగ్ల రచయిత టోల్కీన్, అద్భుతకథలను గూర్చిన ఉపన్యాసమున, కల్పితలోకమునకు అంతస్సంగతి ఆవశ్యకమని ప్రతిపాదించెను. ఈ రెండును బుద్ధారెడ్డి కల్పనలకు అన్వయించును.

పురాణనామములను, మంత్రశక్తులను మాత్రమే గ్రహించి నియమమును విస్మరించిన రచనలో ఏ ఆపదయు నిజమనిపించదు. మంత్రమొక్కటి దానిని తొలగింపగలదు గదా! లక్ష్మణుని మేలుకువకు ఊర్మిళ నిద్ర మూల్యము. శక్తికి మూల్యమును, వరమునకు గడువును నిర్ణయించుటయే అద్భుత కల్పనకు ప్రాణము. అవాల్మీకాంశములను ఈ దృష్టితో బోధించినచో, అవి నూతన రచయితలకు మార్గదర్శకములు కాగలవు.